మిషనెక్కిన బావగారు

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు నేర్చుకున్నది మా ఆయన పోయాక, మనవరాలి పలక మీద. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా తప్పితే సరిదిద్దుకుని చదువుకోండి. నా రాత కూడా నత్తనడకే. పోయినవారం కాగితాలు ఆలస్యంగా అందాయని పత్రికవారు మెత్తగా మందలించారు. ఈసారి పొయ్యి మీద గిన్నె మాడినా లేవకుండా రాశాను.

పోయినవారం గంజి వదినని గోడవైపు తిరిగి, ఊపిరి బిగబట్టి నిలబడి ఉండగా వదిలేశాం. లాండ్రీలో దుప్పట్లకి గంజి పెట్టేది ఆమే కాబట్టి చిన్నా పెద్దా అందరికీ ఆమె గంజి వదినే. ఇస్త్రీ గది గుమ్మం పక్కన, గోడకి కొట్టిన చెక్క మీద కూర్చుని ఉండే నవ్వే బుద్ధుడికి శనివారం శనివారం గంజి పూత పెట్టేదీ ఆమే. మొన్న శనివారం అలా పూస్తుండగా, ఆయన వీపున, భుజం మీది మూట ఆనుకుని ఉన్నచోట, ఆమె బొటనవేలు లోపలికి దిగబడిపోయింది. పైన పొర తప్ప లోపల చెక్క లేదు. పొడి ఉంది. ఆమె ఆ బొక్కలో ఒక గుడ్డపేలిక కుక్కి, విగ్రహాన్ని గోడకి ఇంకాస్త జరిపి, ఎవరికీ చెప్పకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు సోమవారం. దుప్పట్లని వేడి రోలర్ల మధ్యకి లాక్కుని ఇస్త్రీ చేసే కొత్త రోలరు మిషను తిప్పే రోజు.

ఆ ఉదయం వదిన కాళ్ళు ఒకచోట నిలవలేదు. తొట్టి దగ్గర నుంచి గుమ్మం దాకా, గుమ్మం దగ్గర నుంచి తొట్టి దాకా, ఏదో మరిచిపోయినదానిలా తిరిగింది. వెళ్ళిన ప్రతిసారీ చెక్క మీద వేలితో రాసి చూసింది. తెల్లటి పొడి వేలికి అంటింది. ఇన్నాళ్ళూ ఆ పొడిని ఎండి రాలిన గంజి అనుకుని పమిట చెంగుతో తుడిచేసిన మనిషి ఆమే. ఆమె ఒక్కతే కాదు, అందరూ అలాగే అనుకున్నారు. లాండ్రీలో తెల్లగా రాలేది ఏదైనా గంజే కదా. ఆ పొడి ఇంకే ఇంట్లో రాలినా, పురుగు పట్టిందని ఆ పూటే కనిపెట్టి ఉండేవారు.

ఈ తిరుగుడులో తొట్టిలో గంజి ఉండకట్టింది. ఆమె చేతిలో గంజి ఉండకట్టడం ఆ లాండ్రీలో ఎవరూ ఎరగరు.

"ఏంటి వదినా, దుప్పట్లకి గంజి పెడుతున్నావా, అన్నం పెడుతున్నావా?" అంది తడి తొట్ల దగ్గరి లావుపాటావిడ. పక్కనున్నవాళ్ళు కిసుక్కుమన్నారు.

"నీకే పెడుతున్నాలే, ఆకలి మీదున్నావుగా," అంది వదిన. నోరు అలవాటుగా జవాబు చెప్పిందే కానీ కళ్ళు గుమ్మం మీదే ఉన్నాయి.

బావగారు ఎప్పటిలాగే నవ్వుతున్నాడు. ఆ పేరు పెట్టింది కూడా తడి తొట్ల దగ్గరి ఆడవాళ్ళే. ఇంతమంది నడుములు విరిగేలా పనిచేస్తుంటే, పొట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని పళ్ళికిలించేవాణ్ణి బావగారనక ఇంకేమంటారు? పైగా ఆయన భుజాన ఒక మూట ఉంది. మూట మోసేవాడు మనవాడు కాక పరాయివాడు ఎలా అవుతాడని వాళ్ళ లెక్క.

ఆయన వచ్చింది కూడా మూటలోనే. చాలా ఏళ్ళ కిందట ఒక హోటలు దుప్పట్ల మూట విప్పితే అందులోంచి దొర్లి పడ్డాడు. విప్పింది వదిన అత్త. ఇప్పుడు ఇస్త్రీ బల్ల దగ్గర అందరికీ పెద్దదిక్కు ఆవిడే. అప్పటికి ఆవిడ పాత రోలరు మిషనుకి ఎడమచేతి వేళ్ళు రెండు పోగొట్టుకుని, ఆసుపత్రి నుంచి కొత్తగా పనిలోకి వచ్చింది. హోటలుకి కబురు పెడితే, ఆ విగ్రహం తనదంటూ గుండు చేయించుకుని గోధుమరంగు వస్త్రం కట్టుకున్న ఒక బౌద్ధ సన్యాసిని వచ్చింది. వచ్చేసరికి విగ్రహం గుమ్మంలో ఉంది. లోపలికి వెళ్ళేవాళ్ళు ఆగి ఆయన బొజ్జ తడిమి వెళుతున్నారు. ఆవిడ కాసేపు నిలబడి చూసి, "మూట దించుకోవడానికి చోటు దొరికింది కదా, ఉండనివ్వండి," అని ఉత్తచేతులతో వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి అదే పద్ధతి. ఇస్త్రీ గదిలోకి వెళ్ళిన ప్రతిసారీ, గుమ్మం పక్కన మేకుకి వేలాడే పొడిగుడ్డకి చేతులు తుడుచుకుని, బావగారి బొజ్జ తడిమి, అప్పుడు అడుగుపెట్టాలి. తడి చేత్తో తాకితే అత్త ఊరుకోదు. చెక్క పాడవుతుందని కసురుతుంది. అలా తడిమి తడిమి బొజ్జ అద్దంలా అయింది. ఆయన కూర్చున్నాక ఆ లాండ్రీలో ఒక్కరికీ చెయ్యి కాలలేదు, ఒక్క వేలు నలగలేదు. కాన్పుకి వెళ్ళేవాళ్ళు ఆయనకి చెప్పి వెళ్ళారు. మొగుళ్ళతో పోట్లాడి వచ్చినవాళ్ళు ఆయనకే చెప్పుకున్నారు.

కాబట్టే, కొత్త రోలరు వచ్చిందనగానే ఆడవాళ్ళంతా ఒక్కమాట మీద నిలబడ్డారు. బావగారు దాని నెత్తిన కూర్చుంటేనే ముట్టుకుంటాం, లేకపోతే లేదు. అత్త ఎడమచెయ్యిని రోజూ చూసేవాళ్ళని ఎవరు కాదనగలరు? మేస్త్రీ మంచివాడు. సరేనని మిషను పైన ఒక పలక కూడా బిగించాడు.

మొదట దుప్పటి అందించడానికి ఒప్పుకున్నది వదిన ఆడపడుచు, చిట్టి.

చిట్టి ముఖం చిన్నపిల్లది, చేతులు ముసలమ్మవి. చాకలిసోడా నీళ్ళలో నాని నాని వేళ్ళ సందులు పగిలి, రాత్రిళ్ళు దుప్పటి తగిలినా మంటే. ఈమధ్య అన్నం కలుపుకోలేక చెంచాతో తింటోంది. రోలరు దగ్గర పొడి పని. అది దొరికితే ఆ చేతులు బతుకుతాయి. దొరక్కపోతే మళ్ళీ తొట్లలోకే.

"వదినా, ఇవాళ్టితో నీళ్ళకి ఒక నమస్కారం," అంది చిట్టి, పొద్దున రాగానే.

"భయంగా లేదూ?"

"నాకెందుకు భయం? బావగారు నెత్తిమీదే ఉంటాడుగా. చెయ్యి వణికితే పైకి చూస్తా."

ఆ మాట వదిన గుండెలో ముల్లులా దిగింది. మిషను ఆడితే నేలే అదురుతుంది. దాని నెత్తిన ఉన్న డొల్లబొమ్మ నిలుస్తుందా? అందరూ చూస్తుండగా, మొదటిరోజే, చిట్టి కళ్ళ ముందు కూలితే? ఆ మిషను దగ్గరికి మళ్ళీ ఒక్కరు వస్తారా?

గంజి గరిటె తొట్టిలోనే వదిలేసి, ఆమె మేడ మీదికి వెళ్ళింది.

మేడ మీద తీగల నిండా దుప్పట్లు. వాటి మధ్య అత్త ఒక్కతే క్లిప్పులు లాగుతోంది. కోడల్ని చూసి దుప్పటి ఒక కొస విసిరింది. ఆ ఇద్దరూ ఏ మాట మాట్లాడుకున్నా చేతుల్లో దుప్పటి ఉండాల్సిందే. చెరో అంచూ పట్టుకుని వెనక్కి జరిగి బిగలాగాలి. మళ్ళీ దగ్గరికి వచ్చి అంచులు కలపాలి.

"అత్తా, ఒక మాట చెప్తాను. తిట్టకుండా వినాలి."

"తిట్టకుండా వినే అత్తని ఎక్కడైనా చూశావే? చెప్పు."

"బావగారిని మిషను మీద పెట్టొద్దని మేస్త్రీకి చెప్పు. నువ్వు చెప్తే వింటాడు."

"ఎవరు వింటారని నేనడగలేదు. ఎందుకు పెట్టొద్దు?"

వదిన దుప్పటి బిగలాగింది. ఇద్దరి మధ్యా తెల్లటి గుడ్డ బల్లలా సాగింది.

"లోపల ఏమీ లేదత్తా. పైన నా గంజి పొరే. పురుగు మొత్తం తొలిచేసింది. శనివారం నా వేలు లోపలికి పోయింది."

అత్త దగ్గరికి వచ్చి అంచులు కలిపింది. ముఖంలో ఏమీ కదల్లేదు.

"ఎక్కడ?"

"వీపున. మూట పక్కన."

"అక్కడ కూడానా," అంది అత్త.

దుప్పటి వదిన చేతిలోంచి జారింది. నేల మీద పడకుండా అత్త తన మూడువేళ్ళ చేత్తోనే ఒడిసి పట్టుకుంది.

"నీకు తెలుసా?"

అత్త బొడ్లోంచి మైనపు ముద్ద తీసి చూపించింది. ఇస్త్రీపెట్టె అడుగు నున్నగా జారడానికి రాసే మైనమే. "బొజ్జ కింద నేనే పూడ్చాను. చెవి వెనక కూడా. ఈమధ్య బొజ్జ బాగా మెరుస్తోందని మీరంతా మురుస్తున్నారే, అది ఆయన తేజస్సు కాదు, నా మైనం."

"తెలిసి నన్ను గంజి ఎలా పూయనిచ్చావత్తా?"

"మానమంటే ఎందుకంటావు. చెప్తే ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే తొట్ల దగ్గర అందరికీ తెలిసిపోతుంది. నీ ముఖం సంగతి నాకు తెలియదా? అద్దాల కిటికీ."

"నా చేత్తో నేనే మేపాను ఆ పురుగుల్ని."

"మేపావు. బాగానే మేపావు." అత్త ఇంకో దుప్పటి లాగి కొస అందించింది. "పట్టుకో, పని ఆపకు. మనకి తెలిసిన మర్యాద అదొక్కటే కదా. మురికి వదిలించడం, గంజి పెట్టడం. ఆయన మిఠాయికొట్టు వాళ్ళకి దొరికి ఉంటే పాకం పూసేవాళ్ళు."

నవ్వాలో ఏడవాలో తెలియక వదిన ఆ కొస పట్టుకుంది. ఇద్దరూ దాన్ని మడత వేశారు. కింద ఎవరో బకెట్టు ఈడ్చిన చప్పుడైంది. వదిన ఉలిక్కిపడి మెట్లవైపు చూసింది.

"మిషను వణుకుడికి కూలిపోతాడు. ఆ తరవాత అందరూ పారిపోతారు. చిట్టి మళ్ళీ సోడాలోకి దిగాలి."

"కూలితే కూలనీవే. నా భయం అది కాదు."

"మరి?"

అత్త దుప్పటి అంచు మీద తన ఎడమచెయ్యి ఆనించి, పోయిన వేళ్ళ చోటు చూసుకుంది.

"ఆ రోజు నా చెయ్యి తడి. తొట్టి దగ్గర నుంచి గబగబా వచ్చి నిలబడ్డాను. తడి చెయ్యి దుప్పటికి అంటుకుంటుంది. దుప్పటి పోయిన చోటికే చెయ్యీ పోతుంది. అంతే. అందులో నా కర్మా లేదు, ఎవరి దిష్టీ లేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఒక్కొక్కర్నీ వెంటపడి చెప్పాను. ఆగండే, చేతులు తుడుచుకోండే అని. ముసలమ్మ గొణుగుడు అన్నారు. అప్పటికి నేను ముసలిదాన్ని కూడా కాదు."

వదిన మడత సగంలో ఆగిపోయింది.

"అప్పుడు దొర్లిపడ్డాడు ఆయన. నా మాట విననివాళ్ళు ఆయన బొజ్జ చూస్తే ఆగుతున్నారు. అది కనిపెట్టి గుమ్మంలో కూర్చోబెట్టాను. పొడి చేత్తోనే తడమాలన్నాను. పక్కన గుడ్డ తగిలించాను."

"చెక్క పాడవుతుందన్నావుగా."

"చెక్క కోసమే అయితే నిన్ను వారం వారం గంజి పూయనిస్తానా? తెలివితక్కువదానా."

తీగ మీది దుప్పట్లు గాలికి ఎగిరి ఇద్దరినీ కప్పి మళ్ళీ వదిలాయి. వదిన పెళ్ళై వచ్చిన మొదటిరోజు నుంచి ఆ బొజ్జ తడుముతోంది. ఏడ్చి తడిమింది, నవ్వి తడిమింది. ఆమెకి ఒక్కసారిగా ఎవరో కాళ్ళ కింద చాప లాగేసినట్టు అయింది.

"అంటే ఆయన మహిమ అంటూ ఏమీ లేదా?"

"లేదని నేనన్నానా?" అత్త గొంతు మొదటిసారి పదునెక్కింది. "ఇంతమంది చేత, ఇన్నేళ్ళు, పూటపూటా చేతులు తుడిపించడం మహిమ కాదూ? నా వల్ల అయిందా అది? నీ వల్ల అవుతుందా? పొద్దున నేను కూడా ఆయన బొజ్జ తడిమే వచ్చాను."

అత్త సగంలో ఆగిన మడత పూర్తి చేసి, ఇంకో దుప్పటి కొస కోడలికి అందించింది.

"గుమ్మంలో ఉన్నాడు కాబట్టి ఆగి, తుడుచుకుని, ఆయన ముఖం చూసి లోపలికి వస్తారు. లోపలికి వచ్చాక చూపు పని మీదే. అదే నెత్తిమీద కూర్చుంటే? పని మధ్యలో తల పైకెత్తుతారు. కళ్ళు ఆయన మీద, చేతులు రోలరు మీద. మీరంతా ఆ పట్టు పట్టినప్పటి నుంచి నాకు నిద్ర లేనిది అందుకే."

"మరి అందరూ అడిగినప్పుడు ఎందుకు వద్దనలేదు?"

"ఏమని వద్దననూ? ఆయన్ని పెట్టింది మీ చేత చేతులు తుడిపించడానికేనే అని చెప్తే, రేపటి నుంచి ఒక్కతైనా తుడుచుకుంటుందా? ఓహో, ఇదా సంగతి అని నవ్వుకుంటూ పోతారు."

ఇద్దరూ దుప్పటి మధ్యలో పెట్టుకుని నిలబడిపోయారు. చిట్టి "చెయ్యి వణికితే పైకి చూస్తా" అన్న మాట వదిన చెవిలో మళ్ళీ మోగింది. అత్తకి ఆ మాట చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా కనిపించలేదు. తన దుప్పటి కొస అత్త చేతిలో పెట్టేసింది.

"నీ సంగతి నీ దగ్గరే ఉంచుకో. నా సంగతి నేను చెప్తాను. గంజి పూసి పూసి పురుగు పట్టించింది నేనే అంటాను. కదిలిస్తే పోతాడు, గుమ్మంలోనే ఉండాలి, గట్టిగా కూడా తడమకూడదు అంటాను. వేలు పెట్టి చూపిస్తాను. నమ్మక చస్తారా? నన్ను నాలుగు తిడతారు, అంతే కదా."

"నాలుగేంటి, నిన్ను ఆ గంజిలోనే ముంచుతారు. అందరి బావగారు ఆయన. ఎప్పటికీ నీ పేరే చెప్పుకుంటారు."

"తిట్లు నాకు కొత్తా? నీ చేతికింద ఇన్నేళ్ళు పనిచేశాను."

అత్త ఆమె వంక ఎగాదిగా చూసింది. ఆ చూపులో కోపం లేదు. మైనపు ముద్ద తీసి కోడలి అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"వీపున నువ్వు పూడ్చు. బొజ్జ నేను చూసుకుంటా. పద. మేస్త్రీ మీట నొక్కేలోపు చెప్పేద్దాం."

మడతపెట్టిన దుప్పట్లు అక్కడే వదిలేసి ఇద్దరూ దిగారు. అత్త మోకాళ్ళు మెట్లకి సహకరించవు. వదిన ఒక మెట్టు ముందు, చెయ్యి వెనక్కి చాచి. సగం మెట్ల దగ్గరే వినిపించింది. లోతుగా, నేల కిందనుంచి వస్తున్నట్టు ఒక మూలుగు. చేతి కింద గోడ సన్నగా అదురుతోంది.

"సాయంత్రం అన్నాడే మేస్త్రీ," అంది అత్త.

వదిన ఆవిడ చెయ్యి వదిలేసి పరుగెత్తింది.

గుమ్మం పక్కన చెక్క ఖాళీగా ఉంది. బావగారు కూర్చున్న చోట మాత్రం గుండ్రంగా, రంగు వెలవని మరక. దాని చుట్టూ తెల్లపొడి. కింద నేల మీద, ఆమె శనివారం ఆయన వీపులో కుక్కిన పేలిక పడి ఉంది.

ఆమె చూపు పేలిక మీద నుంచి మేకు మీదికి వెళ్ళింది. పొడిగుడ్డ ఇందాక మేడెక్కేముందు తను మార్చినది మార్చినట్టే, మడత నలగకుండా వేలాడుతోంది. ఒక్కరూ ముట్టుకోలేదు. ఎవరు ముట్టుకుంటారు? ఆగడానికి గుమ్మంలో ఎవరున్నారని? తొట్ల దగ్గర నుంచి అందరూ తిన్నగా మిషను దగ్గరికి పోయారు.

ఇస్త్రీ గది నిండా జనం. తడి పాదాల గుర్తులు గుమ్మం నుంచి మిషను దాకా బారులు తీరాయి. రోలరు ఆవిరి కక్కుతూ తిరుగుతోంది. దాని నెత్తిన బావగారు, మూట భుజానేసుకుని, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ వణుకుతున్నాడు. ముందు చిట్టి, దుప్పటి అంచు రెండు చేతులా పట్టుకుని అందిస్తోంది. మోచేతుల దాకా నీళ్ళు మెరుస్తున్నాయి.

బావగారి వీపు వెనకనుంచి సన్నటి తెల్లటి ధార దుప్పటి మీదికి రాలుతోంది.

"చూడండే, బావగారు గంజి చల్లుతున్నాడు. వదినకి ఇక పనిలేదు," అంది లావుపాటావిడ. గది అంతా నవ్వింది. చిట్టి కూడా నవ్వింది, కానీ చూపు ఇంకా చేతుల మీదే ఉంది.

మిషను ఆపే ఎర్ర మీట అవతలివైపు ఉంది. మేస్త్రీ దానికి వీపు ఆనించి అందరితోపాటు నవ్వుతున్నాడు. వదిన జనాన్ని తోసుకుంటూ, "చిట్టీ, చెయ్యి తీ," అని అరిచింది. ఆ మూలుగులో ఆమె గొంతు ఆమెకే వినపడలేదు. గుమ్మంలోంచి అత్త తన మూడువేళ్ళ చెయ్యి పైకెత్తి ఊపుతోంది. ఎవరూ అటు చూడటం లేదు.

బావగారి చెవి ఊడి దుప్పటి మీద పడింది.

చిట్టి తలెత్తి పైకి చూసింది. దుప్పటి మాత్రం ఆగలేదు. ఆమె తడిచేతుల్ని తనతో తీసుకుని ముందుకే పోతోంది.

— పలకమ్మ, అరవై తొమ్మిదేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది చిన్నకూతురి ఇంట్లో, కిటికీ ఉన్న వెనకగదిలో.